కంపెనీ షెడ్డు, ఖాసిం షెడ్డు

ఈ సంగతి నేను రాసి పెట్టకపోతే మా ఇంట్లో నిజం బతికేలా లేదు. పోయిన నెల మా తమ్ముడి మనవరాలి పుట్టినరోజుకి అందరం ఒకచోట చేరినప్పుడు మా పాత కారు మాట వచ్చింది. రేడియేటరులో సాంబారు పోశామని ఒకరన్నారు. సాంబారు కాదు, కోడికూర పులుసు అని ఇంకొకరు దిద్దారు. ఆ కారు చక్రం కూడా చూడని ఒక అల్లుడు, అదంతా తాతగారి నిర్వాకమని తేల్చి పారేశాడు. సాంబారు పోయలేదు, పులుసు అసలే పోయలేదు. పోసినవేమిటో, ఎవరెవరు పోశారో వరసగా చెప్పగలదాన్ని నేను, ఎందుకంటే ఆ కేసులో మొదటి ముద్దాయిని నేనే. ఆ మర్నాడు తమ్ముడి కొడుకు తన కారుని విజయవాడ కంపెనీ షోరూములో సర్వీసుకి ఇస్తూ నన్ను కూడా ఎక్కించుకున్నాడు. చల్లటి గది, గాజు గోడ, కాగితపు కప్పులో కాఫీ. బిల్లు ఫోనుకి వచ్చింది. వాడు దాన్ని కిందికీ పైకీ జరుపుతూ, "బయట షెడ్డులో ఇందులో సగానికి అయిపోయేదత్తయ్యా" అన్నాడు. మరి అక్కడికే వెళ్ళొచ్చుగా అంటే, "కంపెనీ అంటే ఒక నమ్మకం కదా" అన్నాడు. మా నాన్న కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు, ఇదే ముఖంతో. ఇంటికి రాగానే కలం పట్టుకున్నాను.

నా అర్హతల గురించి ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నేను తొమ్మిదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా తిరువూరు గ్రంథాలయంలో, కిటికీ పక్కన ఆడవాళ్ళ కోసం వేసిన బల్ల మీద సాగింది. గ్రంథాలయం చూసుకునే శేషగిరి గారు నేను నవలలకే అంటుకుపోకుండా కింది అరల్లోని దుమ్ము పట్టిన పుస్తకాలు తీసి ఇచ్చేవారు. "ఇది ఎవరూ చదవలేదమ్మా, నువ్వయినా చదువు" అనేవారు, అనాథ పిల్లని అప్పగిస్తున్నట్టు. అలా తేనెటీగల పెంపకం, కోర్టు ఫీజుల చట్టం, ధ్రువ ప్రాంతాల వాతావరణం, పశువైద్యం చదివాను. పశువైద్యం చదివిన వారం మా మేక నన్ను చూసి గుమ్మం దగ్గరికే వచ్చేది కాదు. ఏం చదివినా దాన్ని వెంటనే ఇంట్లో ప్రయోగించి చూడాలని నాకు చేతులు దురద పెట్టేవి. అప్పటికి పందొమ్మిదేళ్ళు. ఆ వయసులో చదువు కడుపులో ఆగదు.

మా నాన్న దేవదానం. చాలా ఏళ్ళు లారీ తోలి, కూడబెట్టిన డబ్బుతో ఒక పాత అంబాసిడర్ కొన్నాడు. దాన్ని కిరాయికి తిప్పడమే మా జీవనం. పొద్దున్నే ఆయన బానెట్టు ఎత్తడం, ఆయిలు పుల్ల తీసి పాత బనియను ముక్కతో తుడవడం, స్టీరింగు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేయడం, ఆ తరవాతే టీ. అమ్మ సీట్ల మీది తెల్ల తువ్వాళ్ళని ప్రతి శనివారం నీలిమందు పెట్టి ఉతికేది. మధ్యాహ్నం బండి ఖాళీగా ఉంటే నాయనమ్మ వెనక సీట్లో కూర్చుని చింతపండు గింజలు తీసేది, తీస్తూనే నిద్రపోయేది. నెమలి వేణుగోపాలస్వామి దర్శనానికి వెళ్ళొచ్చినవాళ్ళు బానెట్టు మీద కుంకుమ పెట్టి పూలు చుట్టేవాళ్ళు. మేం క్రైస్తవులమని తెలిసి కొందరు మొహమాటపడితే, "పెట్టండమ్మా, బండికి అందరి దీవెనా కావాలి" అనేవాడు నాన్న. ఎండాకాలం రెడ్డిగూడెం తోటలకి బెజవాడ వ్యాపారులని తిప్పేవాడు. ఆ రోజుల్లో కారు తలుపు తీస్తే పెట్రోలు, కొబ్బరినూనె, మామిడి సొన, వాడిన పూలు అన్నీ కలిసిన ఒక వాసన గుప్పున వచ్చేది. ఇప్పటి కార్లకి వాసన ఉండదు. ఉంటే అది సీసాలో కొని తగిలించింది.

ఒక ఎండాకాలం, మామిడి కిరాయిలు జోరు మీదున్నప్పుడు, కారు ముందు భాగం నుంచి చుక్కచుక్కగా నీళ్ళు కారడం మొదలైంది. ఇంజను వేడెక్కకుండా నీళ్ళు తిరిగే డబ్బా ఉంటుందే, రేడియేటరు, దానికి ఎక్కడో సన్నటి కన్నం పడింది. దానికి అతుకు వేయించాలంటే ఒక పూట బండి ఆపాలి. సీజనులో పూట ఆపడం నాన్నకి ఇష్టం లేదు. చెంబుతో నీళ్ళు పోసుకుంటూ తిప్పుతున్నాడు. అప్పుడు నాకు శేషగిరి గారు ఇచ్చిన, అట్ట ఊడిపోయిన మోటారు పుస్తకం గుర్తుకొచ్చింది. అందులో స్పష్టంగా ఉంది: దారిలో రేడియేటరు కారితే కోడిగుడ్డు తెల్లసొన వేయవచ్చును, అది వేడికి గట్టిపడి కన్నమును మూయును. దాని తరవాతి కాగితం చిరిగిపోయి ఉంది గానీ, నాకు కావలసిన ముక్క దొరికింది కదా అనుకున్నాను. నాన్న స్నానానికి వెళ్ళినప్పుడు రెండు గుడ్ల తెల్లసొన పోసి మూత బిగించాను. పచ్చసొనలు అట్టు వేసుకుని తిన్నాను. ఎవరికీ చెప్పలేదు. కారడం ఆగాక, అది నా చదువు మహిమ అని భోజనాల దగ్గర ప్రకటిద్దామని ఆలోచన.

కారడం నాలుగు రోజుల్లో ఆగింది. కానీ కారు మరగడం మొదలుపెట్టింది. పెనుగొలను దాకా కూడా వెళ్ళకుండానే బానెట్టు సందుల్లోంచి ఆవిరి వచ్చేది. పెళ్ళివారిని మధ్యదారిలో దింపేసి ఎడ్లబండి ఎక్కించాల్సి వచ్చింది. నాన్న మనిషి మనిషిలా లేడు. చివరికి, "ఊళ్ళో వాళ్ళ వల్ల కాదు, కంపెనీకే చూపిద్దాం. కంపెనీ అంటే ఒక నమ్మకం" అని నన్నూ తమ్ముడు ప్రభుదాసునీ ఎక్కించుకుని బెజవాడ బయలుదేరాడు. లెక్కలు, ఇంగ్లీషు కాగితాలు చదవడానికి నేను, నీళ్ళు పోయడానికి వాడు. ప్రతి ఊళ్ళోనూ ఆగాం. మైలవరంలో ఒకావిడ బావి దగ్గర మూడు బిందెలు ఇచ్చి, "ఏమయ్యా, ఇది కారా, కళ్ళాపి చల్లే బండా?" అంది.

బెజవాడ కంపెనీ షెడ్డు నాకు ఆస్పత్రిలా కనిపించింది. నేల మీద ఆయిలు చుక్క లేదు. ఖాకీ కోటు వేసుకున్న ఫోర్‌మన్ గారు రేడియేటరు మూత తీసి చూశారు. దారంతా పోస్తూ వచ్చాం కాబట్టి పైన నీళ్ళు తేటగా ఉన్నాయి.

"నీళ్ళలో ఏమైనా కలిపారా?" అని అడిగారు.

"అబ్బే, ఏం కలపలేదు సార్. మేం తాగే నీళ్ళే" అన్నాడు నాన్న.

"కన్నానికి ఏమైనా మందు వేశారా?"

"లేదు సార్" అన్నాడు ప్రభుదాసు. నేను కూడా తల అడ్డంగా ఊపాను. ముగ్గురం మూడు వైపులకి చూస్తున్నాం. ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఉంటే కథ ఆ రోజే ముగిసేది. అయితే ఇంజనే విప్పాలన్నారాయన. టైపు కొట్టించిన గులాబీరంగు కాగితం చేతికిచ్చారు. ఇంగ్లీషులో పద్నాలుగు పద్దులు, కింద రెండు వేల మూడు వందల నలభై రూపాయలు. ఆ అంకె చదివి వినిపించినప్పుడు నాన్న జేబు తడుముకోలేదు, తల గోక్కోలేదు. "సరే సార్" అని ఊరుకున్నాడు. తిరుగుదారిలో, కొండూరు దాటాక, కారు అమ్మేస్తానన్నాడు. మధిరలో ఒక రైసుమిల్లు ఆయన ఎలా ఉన్నా కొంటానన్నాడట, సోమవారం రమ్మంటానన్నాడు. అమ్మేసి మళ్ళీ లారీకి పోతానన్నాడు. లారీ అంటే మాకు తెలుసు, నెలకి రెండుసార్లు ఇంటికి రావడం.

ఆశ్చర్యం ఏమిటంటే ఇంట్లో ఒక్కరూ కాదనలేదు. వంకాయల దగ్గర పావలా కోసం అరగంట నిలబడే అమ్మ, "మీ ఇష్టం" అంది. నేను కూడా ఏమీ అనలేకపోయాను, ఆ రెండు గుడ్లూ నా గొంతులో అడ్డం పడ్డాయి. అయితే నాకు ఒక నోటు పుస్తకం ఉంది. ఒక్క ధర చూసి ఏ నిర్ణయానికీ రాకూడదని ఎక్కడో చదివి, పేజీకి మధ్యలో గీత గీసి, ఎడమవైపు 'కంపెనీ', కుడివైపు 'బయట' అని రాసుకున్నాను. కుడివైపు గడి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ నన్ను నిద్రపోనివ్వలేదు. శనివారం టీ దగ్గర, మా ఊరి మెకానిక్ ఖాసిం మామయ్యకి ఒక్కసారి చూపిద్దామన్నాను.

"కంపెనీకి తెలియంది ఖాసింకి తెలుస్తుందా?" అన్నాడు నాన్న.

"తెలియకపోతే పోయేదేముంది నాన్నా, ఈ గడిలో సున్నా వేసుకుంటాను."

నాయనమ్మ చింతగింజల చేట పక్కన పెట్టింది. "ఒరేయ్ దానం, నాకు ఒంట్లో బాగోకపోతే ఒక్క డాక్టరు మాట విని పాడె కట్టేస్తావా?"

నాన్న ఒప్పుకోక తప్పలేదు, కానీ ఆయన అంతగా ఎందుకు వెనకాడాడో చెప్పాలి. బస్టాండు దాటాక రేకుల షెడ్డులో ఖాసిం సాయిబుది ఒక పద్ధతి. బండి ఒక్కటే వస్తే ముట్టుకోడు. దాన్ని తోలేవాళ్ళు, కడిగేవాళ్ళు, అందులో కూర్చునేవాళ్ళు అందరూ రావాలి. వాళ్ళని బెంచీ మీద వరసగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, రోగం ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏం చేశారు అని తీరిగ్గా అడుగుతాడు. వాళ్ళ తాత యునాని వైద్యుడట, నాడి పట్టేముందు ఇంటిల్లిపాదినీ విచారించేవాడట. నాన్నకి ఖాసిం అంటే ప్రాణం, బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఆయన భయం ఆ బెంచీ గురించి.

ఆదివారం చర్చి నుంచి నేరుగా వెళ్ళాం. ఐదుగురం ఇస్త్రీ బట్టల్లో బెంచీ మీద కూర్చున్నాం. అమ్మ ఒళ్ళో బైబిలు. ఖాసిం మామయ్య టీ అయ్యేదాకా పంటల గురించి మాట్లాడి, అప్పుడు మెల్లగా అడిగాడు.

"ఏం పెట్టారు చెల్లెమ్మా దీనికి?"

"ఏం పెడతాం అన్నయ్యా, నీళ్ళు" అంది అమ్మ. అని బైబిలు తీసి పక్కన నాయనమ్మ ఒళ్ళో పెట్టింది.

ఆయన లేచి రేడియేటరు విప్పాడు. దాన్ని పెద్ద బేసిన్ మీద తలకిందులు చేసి, ఇంట్లోంచి ఆయన భార్య ఫాతిమా అత్త తెచ్చిన మరిగే నీళ్ళు పోశాడు. మొదట ఏమీ రాలేదు. తరవాత గుడగుడమని ఒక ముద్ద జారింది. దాని వెనక ఇంకొకటి. ఆ వాసన నేను వర్ణించలేను. పెళ్ళివారు వెళ్ళిపోయాక వంటశాల వెనక నిలబడితే వచ్చే వాసన. ఖాసిం మామయ్య పుల్లతో కెలికి, నా వైపు చూశాడు.

"ఈ తెల్ల పోగులు గుడ్డు. ఎవరి కోడమ్మాయ్ ఇది?"

నేను సంచిలోంచి మోటారు పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. ఆయన చదివి, "పక్క పేజీ ఏదీ?" అన్నాడు. లేదన్నాను. "అందులో ఉంటుంది, ఊరు చేరగానే కడిగెయ్యమని." ఆనాటి నుంచి ఏ పుస్తకం తీసుకున్నా ముందు పేజీల నంబర్లు సరిచూసుకోవడం నాకు అలవాటు.

"ఈ పసుపు?"

అమ్మ కొంగు సర్దుకుంది. "గాయానికి పసుపు పెట్టమా అన్నయ్యా? రెండే చెంచాలు."

ప్రభుదాసు కిసుక్కున నవ్వాడు. ఖాసిం మామయ్య పుల్ల మీద ఒక తెల్లటి గడ్డ ఎత్తి వాడి ముక్కు దగ్గర పెట్టాడు. "నువ్వు నవ్వకు నాయనా. ఇది మైదా జిగురు. గోడకి సినిమా పోస్టరు అంటించేది."

"గట్టిగా పడుతుందని..." అన్నాడు వాడు. వాడి స్నేహితుడు పోస్టర్లు అంటించేవాడు.

"పడింది. బ్రహ్మాండంగా పడింది. వందరోజుల బొమ్మ."

ఇంక అడగక్కర్లేకుండా నాయనమ్మే గర్వంగా నోరు విప్పింది. "మజ్జిగ పోసింది నేను. బండి వేడి చేసిందన్నారుగా. మనిషికైతే చలవ చెయ్యమా?"

"ఉప్పు వేశావా పెద్దమ్మా?"

"ఉప్పు, అల్లం, కరివేపాకు లేకుండా మజ్జిగేంట్రా?"

ఖాసిం మామయ్య బేసిన్‌లో వేలు పెట్టి ఒక కరివేపాకు రెబ్బ బయటికి లాగాడు. అప్పుడు పడిన నవ్వులకి పక్క సైకిలు షాపు వాళ్ళు కూడా లేచి వచ్చారు. అమ్మకి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నేను బెంచీ చివర పట్టుకుని కూర్చున్నాను, ఫాతిమా అత్త ముసుగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్ళూ నా ఒక్కదాని పాపమనుకుని కుమిలిపోయాను, చూస్తే పక్కన ముగ్గురు. అంత హాయి నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

నవ్వనిది నాన్న ఒక్కడే. ఖాసిం మామయ్య కూడా కాసేపటికి నవ్వు ఆపి, బేసిన్ అడుగున మిగిలిన గోధుమరంగు మడ్డిని వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"ఇది మాత్రం నాకు అర్థం కావట్లేదు. లోపల ఇంజను హెడ్డు దగ్గర చిట్లితే ఆయిలు నీళ్ళలోకి దిగి ఇలాగే మడ్డి కడుతుంది. అదే అయితే కంపెనీ ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, మధిర ఆయన్ని రమ్మనండి. వాసన పడదామంటే మీ వంటలో ఏదీ తెలియట్లేదు. ఇది కూడా మీ ఇంటి సరుకే అయితే బతికిపోయారు. ఎవరిది?"

అమ్మ తల అడ్డంగా ఊపింది, తనది కాదని. తమ్ముడిది కాదు, నాది కాదు. "నేను మజ్జిగే" అంది నాయనమ్మ. ఎవరిదీ కాకపోతే కారు రేపు పోతుంది, నాన్న లారీ ఎక్కుతాడు. బెంచీ చివర నాన్న చేతిలో రేడియేటరు మూత తిప్పుతూ ఉన్నాడు, తిప్పుతూనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మెడ దగ్గర తడిసిపోయింది.

"పొగాకు" అన్నాడు చివరికి.

"ఏంటి బావా?"

"చుట్ట పొగాకు. లారీల మీద కన్నం పడితే చిదిపి వేసేవాళ్ళం. రెండు చుట్టలు వేశాను."

అమ్మ లేచి నిలబడింది. "క్రిస్మస్‌కి పాస్టరు గారి ఎదుట మానేశానన్నారుగా. చుట్టలెక్కడివి?"

"అవి అప్పటివే. మిగిలిపోయినవి."

"ఎండాకాలం దాకానా?"

"చెల్లెమ్మా, ఆ పంచాయితీ ఇంటికెళ్ళి పెట్టుకో" అన్నాడు ఖాసిం మామయ్య, కళ్ళు తుడుచుకుంటూ. "బావ ఇప్పుడే ఇంజను బతికించాడు."

నాన్న తల వంచుకుని, ఆ పొగాకు ఇంజనులోకి పోయి అంతా నాశనమైందనుకున్నానని, అది విప్పిస్తే బయటపడుతుందని అమ్మేద్దామన్నానని చెప్పాడు. అమ్మ ఆయన వంక గుడ్లురిమి చూస్తూ, చూస్తూనే పకపకా నవ్వేసింది. ఎవరికి వాళ్ళం తప్పు తమదే అనుకోబట్టే, కారు అమ్ముతానంటే ఐదుగురిలో ఒక్కరూ కాదనలేదు.

ఖాసిం మామయ్య సాయంత్రం దాకా చాకలిసోడా నీళ్ళతో కడిగి, సన్నటి కమ్మీతో గొట్టాలన్నీ పొడిచి, కన్నానికి అతుకు వేశాడు. అరవై అయిదు రూపాయలు తీసుకున్నాడు. పోయేముందు ఎర్ర రంగుతో రేడియేటరు మీద 'నీళ్ళు మాత్రమే' అని రాసి, నాయనమ్మకి చదివి వినిపించాడు. మర్నాడు మధిర ఆయన వస్తే నాన్న క్షమించమని చెప్పి, టీ ఇచ్చి, అదే కారులో బస్టాండులో దింపి వచ్చాడు.

నేను నోటు పుస్తకంలో కుడివైపు గడి నింపి, కంపెనీలన్నీ దోపిడీ అని ఒక వ్యాసం రాద్దామని కూర్చున్నాను. రెండు వాక్యాలు సాగాక కలం ఆగిపోయింది. ఆ ఫోర్‌మన్ గారు మమ్మల్ని రెండుసార్లు అడిగారు. మేం రెండుసార్లు అబద్ధం చెప్పాం. ఆయన లెక్క మా అబద్ధానికి సరిపోయిన లెక్క. తళతళలాడే ఆ నేల మీద నిలబడి మజ్జిగ పోశామని ఎవరు చెప్పగలరు? మూడేళ్ళ తరవాత ఇంజను నిజంగానే అరిగిపోయినప్పుడు, "ఇది నా వల్ల కాదు బావా, ఆ మిషను వాళ్ళ దగ్గరే ఉంది" అని ఖాసిం మామయ్యే మమ్మల్ని బెజవాడ కంపెనీకి పంపాడు. అప్పుడు నాన్న అన్నీ నిజమే చెప్పాడు. ఖర్చు చాలానే అయింది, పని బాగా చేశారు. మొన్న షోరూములో మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. కారుకి ఒక తీగ తగిలించారు, కంప్యూటరు చెప్పింది. అడగరేం బాబూ అంటే, "మాకు కోడ్ వచ్చేస్తుందండి" అన్నాడు అక్కడ పనిచేసే కుర్రాడు, మర్యాదగా. పని మాత్రం తప్పు పట్టడానికి లేదు. ఇంటిల్లిపాదీ బెంచీ మీద కూర్చుని టీ తాగే అవకాశం లేదంతే. ఏది చవకో తేల్చమంటే నేను ఇప్పటికీ తేల్చలేను.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళ పేర్లు చెప్పడం నా విధి. రేట్లు గుర్తు చేసి, మైదా జిగురు ఒక చిన్న డబ్బాడే అని ఇప్పటికీ వాదించే తమ్ముడు ప్రభుదాసుకి. ఆనాటి షెడ్డు ఎక్కడ ఉండేదో చూపించిన ఖాసిం మామయ్య కూతురు నూర్జహానుకి. మరిగే నీళ్ళు మోసిన ఫాతిమా అత్తకి. కింది అరల్ని నాకు వదిలిపెట్టిన శేషగిరి గారికి. పేరు అడగడం మా ముగ్గురికీ తోచని ఆ ఫోర్‌మన్ గారికి. ఇప్పుడు లేని ఖాసిం మామయ్యకి, నాయనమ్మ సంతోషమ్మకి, అమ్మ కరుణమ్మకి నా కృతజ్ఞతలు. అందరికంటే మా నాన్న దేవదానానికి. ఆ ఒక్క మాట అంటే అమ్మ దగ్గర ఏమవుతుందో తెలిసి కూడా అన్నాడు. కారు మాకు మిగిలింది, ఆ తరవాత పన్నెండేళ్ళు మా అందరి అన్నం అదే. ఆ ఆదివారం రాత్రి మాత్రం ఆయన అన్నం అమ్మ బయట అరుగు మీద పెట్టింది. ఆయన ఒక్కడే కూర్చుని, నవ్వుకుంటూ, మారు వడ్డించుకుని తిన్నాడు.